ఓడ తెరిచిన కళ్ళు

అమావాస్య మిట్టమధ్యాహ్నం... సూర్యుణ్ని మింగిన కారుమేఘం కాటారం అడవి మీద కదలకుండా నిలిచింది. పట్టపగలే గుడ్లగూబ కూసింది! అడవి అంచున జగపతి పటేలు బంగళాలో వడ్రంగి సోమాచారి చేతిలో, కొయ్యకు కంతలు తొలిచే బర్మా కిర్రుమంటూ తిరుగుతోంది.

అతని ముందు మూరెడు పొడవున తెరచాపల ఓడ బొమ్మ. తెరచాపలు ఎత్తలేదు, పైబల్ల బిగించలేదు. పటం చూసి దాని పక్కలకు ఫిరంగుల కంతలు తొలవడం, ఒక్కో కంతకు ఉంగరంలాంటి ఇత్తడి కంటె బిగించడం అతని పని. పక్కనే దీపం, పుర్రె. పటేలుకు పూజల పిచ్చి అని సరిపెట్టుకున్నాడు.

కంత పడిన ప్రతిసారీ లోపలి గదిలో ఆడమనిషి కేక! జగపతి తమ్ముడి భార్య ప్రమీలకు జ్వరమట, పలవరిస్తోందట. సోమాచారి నమ్మాడు. నమ్మడమే తేలిక. కానీ ఎడమ పక్క బర్మా దించగానే ఆమె "నా డొక్క" అని అరిచింది. కంటె బిగించగానే అరుపు మొద్దు గొంతుతో వికటాట్టహాసంగా మారింది. బర్మా మొన నుంచి రాలిన పొట్టు... ఎర్రగా తడిసి ఉంది!

అతని చెయ్యి ఆగింది. వెనకే నిలబడ్డ జగపతి నవ్వాడు. తన క్షుద్రపూజల సంగతి ఊరికి చెబుతానన్నదని, ఆమె ప్రాణాన్ని ఈ ఓడకు కట్టానని దాచకుండా చెప్పాడు.

"ఇడ్సిపెట్టు పటేలా. గామె పాణం తియ్యకు."

"నేనేడ తీస్తున్న? చెయ్యి నీది, బర్మా నీది. ఇగ ముందుకొనకు రెండు కంతలు, లంగరు తాళ్ళకు. లోపల్నుంచి తొలువు. పొట్టు నా పుర్రెల పడాలె. గవి పడినంక ఆమె కండ్లు పోతయి, ఎన్క పాణం. చెయ్యనంటే రేపు నీ రొమ్ముల తొలుస్త."

పుర్రె పట్టుకుని జగపతి ఓడకు ఎదురుగా కూర్చున్నాడు. మంత్రం మొదలైంది. పిడుగు పడింది!

అప్పుడు సోమాచారి ఓడ ముందుకొన వైపు చూశాడు. ఆ కొయ్య ఏదో అతనొక్కడికే తెలుసు. ఘనపూర్‌లో తమ వాడ పోచమ్మకు కొత్త బొమ్మ చెక్కినప్పుడు, పాత వేపబొమ్మను వాగులో కలిపి రమ్మని జనం అతని చేతుల్లో పెట్టారు. కొయ్య గట్టిగా ఉందని దాచుకున్నాడు. కలిపానని అబద్ధం చెప్పాడు. పటేలు ఓడ అడిగితే ఆ కొయ్యనే చెక్కాడు. కళ్ళు అరిగిపోయిన ఆ తల్లే ఇప్పుడు ఈ ఓడ!

అమ్మవారి కళ్ళు తెరిచేటప్పుడు ఎదుట అద్దం పెట్టాలని తండ్రి నేర్పాడు. తొలిచూపు మనిషి మీద పడకూడదు, పడితే ప్రాణం నిలవదు. అద్దం సంచిలోనే ఉంది. వేళ్ళకు తగిలింది.

అతను దాన్ని బయటికి తీయలేదు.

'నీ బిడ్డను కాపాడు తల్లీ' అనుకుని బర్మా తిప్పాడు. ఒక కంత... రెండో కంత...

ఓడ చూసింది!

మంత్రం సగంలో తెగింది. జగపతి మొహంలో కళ్ళున్నచోట రెండు గుండ్రటి కంతలు పడ్డాయి. వాటిలోంచి నెత్తురు రాలేదు. పొడి పొట్టు రాలి పుర్రె నిండింది. అతని దేహం ఎండుకట్టెలా నేలకొరిగింది.

లోపలి తలుపు తెరుచుకుంది. ప్రమీల గోడ పట్టుకుని వచ్చింది. కళ్ళు తేటగా ఉన్నాయి.

"అన్నా, జర నీళ్ళియ్యవా. నొప్పంత పోయింది. నువ్వే తీసినవా?"

నీళ్ళిచ్చాడు. ఓడను చంకన పెట్టుకుని బయల్దేరాడు.

సాయంత్రం ఘనపూర్ వాగులో, జనం చూస్తుండగా తన అబద్ధం ఒప్పుకుని, ఓడకు పసుపు రాసి వదిలాడు. అప్పుడు తీశాడు అద్దం. చంపింది తల్లి చూపా, తను తీయని అద్దమా? ఓడ మలుపు దాటి వెళ్ళిపోయింది. అద్దంలో మాత్రం ఆ రెండు కళ్ళు నిలిచే ఉన్నాయి... అతన్నే చూస్తూ.

వాటిలో కోపం లేదు. అదే అతనికి మోయరానిదైంది.