పెట్రోల్ లేని బండి పొగ

మా వెనక వీధిలో వరసగా గ్యారేజీలు ఉన్నాయి. చివరిదాని ముందు ఎవరూ బండి ఆపరు. ఆ షట్టర్ వెనక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఉందనీ, చలికాలంలో చీకటి పడ్డాక దాని ఇంజిన్ నడుస్తున్న చప్పుడు వస్తుందనీ, తాళం వేసిన షట్టర్ కింద నుంచి వేడి పొగ వాసన వస్తుందనీ అంటారు. నేను వినలేదు, వాసనా చూడలేదు. అయినా పిల్లల్ని చుట్టూ తిరిగి రమ్మంటాను... అటైతే పెద్ద రోడ్డు దాటాలని తెలిసి కూడా.

ఇది మా పక్క వాటాలో ఉండే మెకానిక్ వదిన చెప్పింది. పాత బండ్లు బాగుచేయడం ఆవిడ పని. నేను కళ్లారా చూసింది ఒక్క ముక్క లేదు గనక, విన్నది విన్నట్టే రాస్తున్నాను.

ఆ కారు ఒక తండ్రిది. తల్లి లేని కూతుర్ని ఒక్కడే పెంచుకుంటున్నాడు. ఒక చలికాలం రాత్రి షట్టర్ మూసుకుని, కార్లో కూర్చుని, ఇంజిన్ నడిపి, ఆ పొగతోనే ప్రాణం తీసుకున్నాడన్నారు. ముందు చూసింది బావమరిది. "తాళం తిప్పి ఇంజిన్ ఆపింది నేనే," అని పోలీసులకి చెప్పాడు. నమ్మారు. మనిషి కార్లో ఉన్నాడు, గది నిండా పొగ ఉంది, చెప్పేవాడు సొంత బావమరిది. ఇంక బానెట్ ఎవరెత్తుతారు?

ఆ తండ్రి ఇల్లూ, షాపూ, ఆ పిల్లా బావమరిది చేతికొచ్చాయి. పిల్ల ఒకే మాట వింటూ పెరిగింది — "మీ నాన్న నిన్ను వద్దనుకుని పోయాడు."

ఏళ్లు గడిచాయి. కారు కొంటానని ఒకాయన వచ్చాడు. నడిచే బండి అయితేనే అన్నాడు. ఆ బావమరిదే, అంటే పిల్ల మామయ్య, వదినకి కబురు పెట్టాడు.

"నడిస్తే చాలు."

"నడిస్తే చాలదు అన్నయ్యగారూ. ఆగాలి కూడా."

వదిన పద్ధతే అంత. ఏళ్ల తరబడి కదలని బండికి ముందు బ్రేకులు చూస్తుంది. రబ్బరు గొట్టాలు పైకి నిగనిగలాడుతున్నా లోపల ఉబ్బి పూడుకుపోతాయట. అన్నీ మార్చింది. రాయిలా బిగుసుకున్న టైర్లు మార్చింది.

"పెళ్లిచూపులకి ముస్తాబు చేస్తున్నావా ఏంటి? వదిలించుకోవడానికేగా!" అన్నాడు మామయ్య.

"కొన్నాయన మొదటి మలుపులోనే గోడకి గుద్దితే నా పేరే చెప్తాడండీ, మీ పేరు కాదు."

ఆ అమ్మాయి ఇప్పుడు మందుల షాపులో పనిచేస్తోంది. పని అయ్యాక వచ్చి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని చూసేది. కారుని మాత్రం ముట్టుకునేది కాదు.

బ్రేకులయ్యాక ఇంజిన్. పాత ఇంజిన్‌ని వెంటనే తాళంతో తిప్పకూడదు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. వదిన ప్లగ్గులు విప్పింది.

లోపల నూనె. తుప్పు పట్టకుండా ఎవరో పోసి పెట్టిన నూనె...

పెట్రోల్ గొట్టం చూసింది. విప్పేసి, మూతికి బోల్టు బిగించి ఉంది. ట్యాంకు ఎండిపోయి ఉంది. వెనక్కి వెళ్లింది. సైలెన్సర్‌లో ఎలకలు దూరకుండా గుడ్డ కుక్కి ఉంది. గుడ్డ మీద ఏళ్ల నాటి దుమ్ము.

చలికాలానికి బండిని మూలన పెట్టేవాళ్లు చేసే పనులివి. వసంతంలో మళ్లీ తీసుకుందామనుకునేవాడు చేసే పనులు.

"నాన్న పోయాక దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" వదిన గొంతు తగ్గించి అడిగింది.

"లేదక్కా. తాళం మామయ్య దగ్గరే ఉండేది. ఆయనకి బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు."

"అయితే... ఆ రాత్రి ఈ ఇంజిన్ నడవలేదమ్మా. నడవలేదు."

అప్పుడే కారు అద్దం మసకబారింది — లోపలివైపు. లోపల ఎవరో కూర్చుని, పట్టి ఉంచిన ఊపిరి వదిలినట్టు.

మర్నాడు సాయంత్రం వదినా, అమ్మాయీ మామయ్యని రమ్మన్నారు. అప్పటికే చీకటి పడింది. షట్టర్ పైదాకా ఎత్తి ఉంది. గుడ్డ, బోల్టు, అన్నీ ఎక్కడివక్కడే ఉంచింది వదిన. కారుకి పెట్టాల్సిన బ్యాటరీని తన వ్యాన్‌లోంచి ఎత్తుకుని వస్తూ, మాటల్లో అడిగినట్టు అడిగింది.

"అన్నయ్యగారూ, ఆ రాత్రి ఇంజిన్ ఆపింది మీరే కదూ?"

"నేనే. తాళం తిప్పి ఆపాను."

"పెట్రోల్ లేని బండికి తాళం ఎటు తిప్పారండీ?"

వదిన చెప్పుకుంటూ పోయింది — నూనె, బోల్టు, గుడ్డ. గుడ్డ అనగానే ఆయన గబగబా లోపలికి వెళ్లాడు. సైలెన్సర్ దగ్గర వంగి చెయ్యి చాచాడు.

షట్టర్ దభీమని కిందికి పడింది.

ఆ వెంటనే... లోపల ఇంజిన్ మొదలైంది.

బ్యాటరీ ఇంకా వదిన చేతుల్లోనే ఉంది.

షట్టర్ కింద నుంచి పొగ. వేడి పొగ. వదిన బ్యాటరీ పడేసి షట్టర్ పట్టుకుని లాగింది. కదల్లేదు. లోపల పిడికిళ్లతో బాదుతున్నాడు. దగ్గు... మళ్లీ దగ్గు... తర్వాత సన్నని గొంతు, బయటివాళ్లతో కాదు, ఇంకెవరితోనో —

"బావా... వద్దు బావా... కార్లో నిద్రపోతున్నావనుకున్నా... నా వ్యాను పొగే బావా... నేనే షట్టర్ కింద గొట్టం పెట్టా... షాపు కోసం..."

కాసేపటికి ఇంజిన్ ఆగింది. షట్టర్ తనంతట తనే, ఎవరో ఓపిగ్గా ఎత్తినట్టు, పైకి లేచింది. మామయ్య మోకాళ్ల మీద పాకుతూ బయటికొచ్చాడు. ఆ రాత్రే స్టేషన్‌కి నడిచి వెళ్లి అంతా చెప్పేశాడు. ఇప్పుడున్న చోట కూడా కిటికీ మూయనివ్వడట.

వీధిలో వాళ్లకి తెలిసింది ఇంతే. ఆ అమ్మాయి అడ్డుపడి, బతిమాలి, మామయ్యని బతికించుకుందని అందరూ మెచ్చుకుంటారు. నేనూ వదినతో అదే అన్నాను, ఎంత మంచి పిల్లో అని.

వదిన తల అడ్డంగా ఊపింది.

"షట్టర్ రాకపోతే నేనే చెప్పాను... నువ్వు మీ నాన్నని పిలువమ్మా, వదిలెయ్యమను, నీ మాటైతే వింటాడేమో అని. ఆ పిల్ల నేల మీద కూర్చుంది. షట్టర్ కింది సందుకి నోరు ఆనించింది. ఎంత మెల్లగా అందో... ఎంత ప్రేమగా అందో..."

"ఏమంది వదినా?"

"తొందరేం లేదు నాన్నా — అంది."