మా నాయన ముద్ద, నా పెళ్లి

జలజ నన్ను మొదటిసారి చూసిన చూపులో ప్రేమ లేదు. ఈ ముసలాయన్ని ఇంట్లో అడిగేవాళ్లు ఎవరూ లేరా అన్న చూపు అది.

తప్పు మా నాయన ముత్యాలప్పది. షుగర్ వచ్చిందని కోలార్ డాక్టర్ అన్నం తగ్గించమన్నాడు. మా నాయన తగ్గించలేదు, ఏకంగా మానేశాడు. ఆ ఖాళీని రాగిముద్దతో పూడ్చాడు. మా సుగటూరులో ఎవరిని కదిలించినా రాగులు షుగర్‌కి మందని చెప్తారు. మందు ఇంత తిన్నా షుగర్ ఎక్కుతూనే ఉంటే, డాక్టర్‌కే చదువు రాదని తేల్చేసి, నా బైకు వెనకెక్కి కేజీఎఫ్‌కి వచ్చాడు. అక్కడ రాబర్ట్‌సన్‌పేటలో ఒక క్లినిక్కు. ఏం తినాలో ఎంత తినాలో చెప్పే డైటీషియన్ జలజ.

"ముద్ద ఎంత సైజు తింటారప్పా?" అని అడిగింది.

మా నాయన రెండు చేతులూ ఎడంగా పెట్టి గుండ్రంగా చూపించాడు.

"గిన్నె కాదప్పా, ముద్ద."

"ముద్దే తల్లీ. గిన్నె ఇంగా పెద్దది."

జలజ పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది. మొదట్లో చెప్పిన చూపు ఇదే.

"రాగుల్లో ఉండేదీ పిండే కదప్పా. మంచిదే, కానీ ఇంత తింటే షుగర్ ఎట్ల తగ్గుతాది? దీంట్లో సగం చాలు. పళ్లెంలో సగం కూరాకు, కూరగాయలు ఉండాల. పప్పో, అలసందలో, గుడ్డో కొంచెం. ముందు కూర తినండి, ఆమేలె ముద్ద. మాత్రలు మాత్రం మానొద్దు."

"సగం ముద్ద తిని మడక దున్నేదెట్ల?"

"మడక యాడుండాది నాయనా, మనది ట్రాక్టర్ కదా" అన్నాను.

జలజ నవ్వింది. అంతటితో నా పని అయిపోయింది.

రోజూ రాత్రి పళ్లెం ఫోటో తీసి పంపమని నంబరిచ్చింది. మొదటి రాత్రి మా నాయన పళ్లెం చూస్తే ముద్ద ఎప్పటి సైజులోనే ఉంది. అది పంపితే తిట్లు ఖాయం. అందుకని వేరే పళ్లెంలో చిన్న ముద్ద, దానికి రెండింతలు మెంతికూర, పక్కన అలసందలు పెట్టి ఫోటో పంపాను. "సూపర్ సార్" అంటూ ఫోన్‌లో ఒక గులాబీ బొమ్మ వచ్చింది.

ఆ గులాబీ కోసం రోజూ ఒక ఫోటో పళ్లెం తయారైంది. పారేస్తే పాపమని నేనే తినేవాణ్ణి. మా నాయన తన ముద్ద తను తింటూ నన్ను జాలిగా చూసేవాడు. జలజతో మెసేజీల్లో మాటలు మెంతికూర దాటి వానల దాకా వెళ్లాయి. వేమగల్ ఫ్యాక్టరీలో మెషీన్ ముందు నేనొక్కణ్ణే నవ్వుకుంటుంటే సూపర్‌వైజర్ నీకు ఒంట్లో బాగుందా అని అడిగాడు.

మళ్లీ క్లినిక్‌కి వెళ్లినప్పుడు మా నాయన షుగర్ ఇంకా పెరిగి ఉంది. జలజ రిపోర్టు చూసింది, ఫోన్‌లో ఫోటోలు చూసింది, నన్ను చూసింది.

"ఫోటోల్లో పళ్లెం పట్టుకున్న చేతికి వాచీ ఉండాది జయరాం సార్. అప్ప చేతికి లేదే. మీరేమో బాగా సన్నబడినారు."

బయట వాన మొదలైంది. మా నాయన్ని లోపల కూర్చోబెట్టి, లేచి వరండాలోకి వెళ్లిపోయిన జలజ వెనకే పరిగెత్తాను. చూరు నుంచి కారే నీళ్లన్నీ నా నెత్తినే పడుతున్నాయి. ఆమె జరగమనలేదు.

"అబద్ధం ఎందుకు పంపినారు?"

"మీరు గులాబీ పంపుతారని."

"అప్ప కళ్లకో కాళ్లకో ఏమన్నా అయితే ఆ గులాబీ ఏం చేసుకుంటారు?"

నాకు నిజంగానే భయమేసింది, సిగ్గూ వేసింది. ఆ కంగారులో, చెప్పకూడని సమయంలో, "మీరంటే ఇష్టం జలజా" అనేశాను.

ఆమె రిపోర్టు మడిచి నా చేతిలో పెట్టింది. "మీ నాయన షుగర్ దిగినాక వచ్చి మాట్లాడండి. అంతవరకు మెసేజ్ కూడా వద్దు."

ఇంటికెళ్లి ఉన్నదంతా చెప్పేశాను.

"నా ముద్దకీ నీ పెళ్లికీ ఏం సంబంధంరా?" అన్నాడు మా నాయన.

"ఉండాది" అంది మా అమ్మ మునిలక్ష్మమ్మ. ఆ పూటే ముద్ద సగమైంది. మా నాయన దాన్ని నిమ్మకాయ అన్నాడు, అలిగాడు, పక్కింట్లో ముద్ద అడిగి దొరికిపోయాడు. చివరికి ఆకుకూర ఉడికిన నీళ్లతో కాచే బస్సారు చారు గిన్నెలు గిన్నెలు లాగిస్తూ, పొద్దున్నే మల్బరీ తోట చుట్టూ నడుస్తూ, నన్ను తిట్టుకుంటూనే దారికొచ్చాడు. మూడు నెలల షుగర్ చూపించే పరీక్షలో అంకె బాగా దిగింది. "పద, పిల్లని అడిగొద్దాం" అని ఆయనే బయల్దేరాడు.

జలజ వాళ్ల నాన్న ఓబలప్ప గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి. మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. వాళ్లమ్మ గంగులమ్మ నెయ్యి కారే బొబ్బట్లు, మా మాటలో ఓళిగలు, తెచ్చి మా నాయన ముందు పెట్టింది. మా వైపు మగపిల్లాడి తండ్రి నోరు తీపి చేసుకుంటేనే మాట ఖాయమైనట్టు. మా నాయన చెయ్యి ఓళిగ దాకా వెళ్లి, జలజ వైపు చూసి, వెనక్కి వచ్చేసింది.

గంగులమ్మ ముఖం మాడిపోయింది. "సంబంధం ఇష్టం లేదా అన్నా?"

"ఇష్టమేనమ్మా. తింటే నీ కూతురు ఊరుకోదు."

"ఇంగ నువ్వే చెప్పమ్మా జలజా" అన్నాడు ఓబలప్ప.

అందరూ ఆమెనే చూస్తున్నారు. అప్పటిదాకా ఆమె నాతో అవునని గానీ కాదని గానీ అనలేదు.

జలజ గడప దాటి వచ్చింది. ఓళిగలో చిన్న ముక్క తుంచి మా నాయన అరచేతిలో పెట్టింది.

"దీనికి బదులు ఈ పూట ముద్ద లేదు" అంది. నా వైపు చూడకుండానే, "నిదానంగా తినండి మామా" అంది.

మా నాయన కళ్లు మూసుకుని తిన్నాడు. నాకెవరూ ఓళిగ పెట్టలేదు, నేను అడగనూ లేదు. నా నోరు అప్పటికే తీపైపోయింది.