పక్క సర్దిన దొంగ

తలుపు కొట్టే తీరును బట్టి కేసు ఎలాంటిదో చెప్పొచ్చని అత్త అంటుంది. పదిహేనేళ్లుగా ఆవిడ దగ్గర సహాయకుడిగా పడి ఉన్న మేనల్లుడికి ఆ విద్య ఇంకా అబ్బలేదు. ఆ ఉదయం పది గంటలకి ఎవరో మూడుసార్లు కొట్టి ఆగిపోయారు.

"మొహమాటస్తుడు. భయంలో ఉన్నాడు. పోయి తియ్యరా," అంది అత్త టీ గ్లాసు దించకుండానే.

నిజమే. వచ్చినవాడు ఆరడుగుల మనిషి, ఒంటి మీద గోడౌన్ కాపలావాళ్ల నీలం చొక్కా. రాత్రంతా మేలుకున్న కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మా, ప్రైవేటు డిటెక్టివ్ అంటే మీరేనా? నా డిశ్చార్జి కాగితం పోయింది. సాయంత్రం నాలుగులోగా దొరక్కపోతే నా బతుకు బుగ్గిపాలే."

"కూర్చో నాయనా. నిలబడితే కాగితం దొరకదుగా," అంది అత్త.

అతను పరాయి దేశపు సిపాయి. అద్దెకుంటున్న ఇంట్లో అందరూ 'పరదేశి' అనే పిలుస్తారట. సొంత దేశపు సైన్యంలో పన్నెండేళ్లు చేశాడు. అక్కడ అంతా అతలాకుతలమైపోతే రెండేళ్ల కిందట ఇటు వచ్చిపడ్డాడు. భార్యా, ఆరేళ్ల కూతురూ సరిహద్దు అవతల గుడారాల్లో ఉన్నారు. ఇక్కడి సైన్యం బయటి సిపాయిల్ని కూడా తీసుకుంటుంది, మూడేళ్లు చేస్తే పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోనిస్తుంది. కానీ వయసు నలభై దాటకూడదు. రేపటితో అతనికి నలభై నిండుతాయి. పరీక్షలన్నీ అయ్యాయి. ఇక పాత సైన్యం ఇచ్చిన అసలు డిశ్చార్జి కాగితం చూపించి సంతకం పెట్టడమే మిగిలింది.

"అది లేకపోతే పారిపోయి వచ్చినవాడి కింద లెక్క. వెనక్కి పంపేస్తారు," అన్నాడు పరదేశి.

"ఎక్కడ దాచావు?"

"పరుపు గలీబులో, నడిమధ్య. నిన్న రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు తడిమి చూసుకునే వెళ్లాను. పొద్దున వచ్చి పక్క నుంచి చెయ్యి పెడితే లేదు. పక్క మీద కూర్చోనైనా కూర్చోలేదు, ఇటే పరిగెత్తుకొచ్చాను."

"తాళం?"

"వేసినట్టే ఉంది. తాళంచెవులు మూడు. నాది ఒకటి, గదిలో నాతో ఉండే పిండిబాబుది ఒకటి, ఇంటి ఓనరు దగ్గర ఒకటి, ఆయన్ని అందరం బాబాయి అంటాం."

అత్త గ్లాసు కింద పెట్టి చెప్పులు వేసుకుంది.

ఆ ఇల్లు సైన్యంలోకి మనుషుల్ని తీసుకునే భర్తీ ఆఫీసుకి రెండు వీధుల అవతల ఉంది. మేడ మీది గదిలో రెండు మంచాలు, ఒక కిటికీ. పిండిబాబు మంచం చూస్తే పందులు పొర్లి వెళ్లినట్టుంది. పరదేశి మంచం మాత్రం గీత గీసినట్టుంది. దుప్పటి కాళ్ల వైపు బిగించి పరుపు కిందకి దోపి ఉంది, రెండు మూలలూ కవరు మడిచినట్టు మడిచి ఉన్నాయి. మేనల్లుడు మెచ్చుకోలుగా తల ఊపాడు.

"సిపాయి అంటే సిపాయే," అన్నాడు.

అత్త మంచం మీదకి వంగింది. చెయ్యి పెట్టి గలీబు తడిమింది, దుప్పటి మొత్తం లాగేసింది. "నాయనా, నీ పక్క నువ్వే వేసి చూపించు," అంది.

పరదేశి ఆశ్చర్యపోయాడు గానీ వేశాడు. నిమిషం కూడా పట్టలేదు. తల వైపు, పక్కల వైపు ముడత లేకుండా లాగి దోపాడు. కాళ్ల వైపు మాత్రం వదులుగా వేలాడనిచ్చాడు.

"అటు దోపవా?"

"మా సైన్యంలో దోపనివ్వరమ్మా. సైరన్ మోగితే బూట్లతో సహా దూకాలి. కాళ్లు చిక్కుకుంటే చచ్చామే."

మేనల్లుడు నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఎందుకు రాసుకుంటున్నాడో మటుకు తెలియదు.

ముందు పిండిబాబుని పిలిచారు. బేకరీలో పనిచేస్తాడు, కనుబొమ్మల మీద కూడా పిండే. వాడిదీ పరదేశి దేశమే. సైన్యంలో చేరతానని రెండుసార్లు వెళ్తే, చేసిన సర్వీసుకి కాగితం లేదని రెండుసార్లూ పంపేశారు.

"ఆ కాగితం మీద ఫోటో ఉందా?" అడిగింది అత్త.

"లేదు. పేరు, నంబరు, ముద్ర, అంతే." అనేసి నాలుక కరుచుకున్నాడు పిండిబాబు. "అయ్యో, నేను తియ్యలేదమ్మా! తీసినా వాడి పేరుతో వెళ్తే గుర్తుపట్టరా? నిన్న సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున పదింటి దాకా పొయ్యి దగ్గరే ఉన్నాను. మా మేస్త్రీని అడగండి."

తర్వాత ఇంటి ఓనరు చెల్లెలు. వంటా వార్పూ ఆవిడదే, అందరికీ అక్కగారు.

"మేడ మీద పక్కలు మీరే సర్దుతారా?"

"నాకేం పనిలేదా తల్లీ? ఊడ్చి వచ్చేస్తాను. పక్కల మీద చెయ్యి వెయ్యను. పిండిబాబు పక్క ముట్టుకుంటే స్నానం చెయ్యాలి." ఆవిడ గొంతు తగ్గింది. "పరదేశి మంచివాడమ్మా. నా బిందెలు మోసిపెడతాడు. సైన్యం వద్దురా అని మా అన్నయ్య చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేగా!"

చివరికి బాబాయి. డెబ్బై ఏళ్లుంటాయి. గడ్డం నున్నగా గీసుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు.

"ఏం ఉద్యోగం చేసేవారు?"

"కాగితాల ఉద్యోగం. ఫారాలు నింపడం."

"తాళంచెవి?"

"మేకుకి వేలాడుతుంది. ఎవరైనా తీసుకోవచ్చు," అన్నాడు ఆయన. కళ్లు మాత్రం పరదేశి వైపే ఉన్నాయి.

అత్త మేనల్లుణ్ణి భర్తీ ఆఫీసుకి తరిమింది. "గడువు పెంచుతారేమో అడుగు. లోపల ఏం కనిపిస్తే అది చూసి రా."

గడువు పెంచరట. కిటికీ దగ్గర క్యూలో నిలబడ్డవాళ్ల మొహాలు చూస్తే మేనల్లుడికే నీరసం వచ్చింది. హాల్లో కొత్తవాళ్లకి చూపించడానికి ఒక నమూనా మంచం వేసి ఉంది. ఇక్కడి సైన్యంలో పక్క ఎలా వెయ్యాలో దాని మీద వేసి చూపించారు. కాళ్ల వైపు బిగించి దోపి, మూలలు కవరులా మడిచి ఉన్నాయి.

"మొదటి నెలంతా ఇదే," అన్నాడు అక్కడి సార్జెంటు ఆవలిస్తూ. "చచ్చేదాకా చేతులు మరిచిపోవు."

ఇదంతా విని అత్త నుదురు రుద్దుకుంది. సంతోషించలేదు. కేసు తేలినప్పుడు ఆవిడ మొహం ఇలా వాడిపోవడం మేనల్లుడు చాలాసార్లు చూశాడు. బేకరీ మేస్త్రీకి ఫోన్ చేస్తే పిండిబాబు పొద్దున పదింటి దాకా అక్కడే ఉన్నాడని చెప్పాడు.

మూడింటికి అందరినీ మేడ మీది గదిలోకి పిలిచారు. అత్త మంచినీళ్ల గ్లాసు అందుకుంటూ పిండిబాబు మంచం మీద ఒలకబోసింది.

"అయ్యో, నా చేతులు పడ! అక్కగారూ, పొడి దుప్పటి ఒకటి ఇస్తారా? బాబాయి గారూ, ఆ కాళ్ల వైపు కొస మీరు పట్టండి."

బాబాయి పట్టాడు. కొస లాగాడు, పరుపెత్తి దోపాడు. మూల దగ్గర చెయ్యి తనంతట తానే తిరిగి కవరులా మడిచింది. రెండో మూలకి వెళ్లబోయి, అందరూ తన చేతులే చూస్తున్నారని తెలిసి ఆగిపోయాడు.

"దొంగతనం చేసినవాడు పక్క చిందరవందర చేసి పోతాడు," అంది అత్త మెల్లగా. "ఈ దొంగ పరుపెత్తాడు, కాగితం తీశాడు, మళ్లీ పక్క సర్దాడు. సర్దకుండా వెళ్లడం అతని చేతుల వల్ల కాలేదు. కానీ పరదేశి తన పక్క ఇలా వెయ్యడు, వాళ్ల సైన్యంలో కాళ్ల వైపు దోపరు. పిండిబాబుదీ ఆ దేశమే, పైగా రాత్రంతా పొయ్యి దగ్గర ఉన్నాడు. అక్కగారు పక్కలు ముట్టదు. ఇలా దోపేది ఈ దేశపు సైన్యంలో పనిచేసినవాళ్లు. ఆ కాగితాల ఉద్యోగం భర్తీ ఆఫీసులోనేగా, బాబాయి గారూ?"

బాబాయి గుండీ విప్పి లోపలి జేబులోంచి కాగితం తీశాడు.

"కాల్చేద్దామనే తీశాను. అగ్గిపుల్ల కూడా గీశాను. ఇంకో సిపాయి కాగితం, చేతులు రాలేదు."

"నువ్వా బాబాయీ!" అన్నాడు పరదేశి. "నా కూతురు అక్కడ బురదలో నిద్రపోతోందని నీకు చెప్పానే!"

"చెప్పావు. అంతకుముందు తొమ్మిది మంది కూడా చెప్పారు." ముసలాయన మంచం మీద కూలబడ్డాడు. "ఈ గదిలోంచే వెళ్లారు, అందరూ నీలాంటి పరాయి సిపాయిలే. వాళ్ల ఫారాలు నేనే నింపాను. బయటివాళ్లని ముందు వరసలో నిలబెడతారు రా. ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి అని ఫారంలో ఒక గడి ఉంటుంది. ఈ దేశంలో ఉన్నవాళ్ల పేరే రాయాలి. వీళ్లకి ఎవరున్నారు? అందుకని గీత కొట్టేసేవాణ్ణి. తొమ్మిది గీతలు కొట్టాను. ఒక్కడూ తిరిగి రాలేదు, కబురూ ఎవరికీ వెళ్లలేదు. ఆ తొమ్మిది మంది పెళ్లాలూ ఈ ఇంటికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు, ఎప్పుడొస్తావని. పదో గీత చూడలేక తీశాను."

అక్కగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేనల్లుడికి దొంగని పట్టుకున్న సంబరం ఏ కోశానా లేదు, ఎక్కడ చూడాలో తెలియక కిటికీ వైపు తిరిగాడు.

పరదేశి ఆయన చేతిలోంచి కాగితం అందుకున్నాడు. "ముందు వరస నాకు కొత్త కాదు బాబాయీ. పన్నెండేళ్లు అక్కడే ఉన్నాను. నేను వెళ్లకపోతే నా కూతురు ఆ బురదలోనే పెద్దదవుతుంది."

"తెలుసు," అన్నాడు బాబాయి.

"మూడున్నర అయింది," అంది అత్త. "కాగితం నీది, నిర్ణయం నీది. వెళ్లాలనుకుంటే ఇప్పుడే కదులు."

పరదేశి లేచాడు. ముసలాయన కూడా లేచి చెప్పులు వెతుక్కున్నాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

నాలుగింటికి పది నిమిషాలుండగా భర్తీ ఆఫీసు కిటికీ దగ్గరికి చేరారు. గుమాస్తా కుర్రాడు డిశ్చార్జి కాగితం చూసి ముద్ర వేశాడు, ఫారం చకచకా నింపుకుంటూ వచ్చాడు. ఒక చోట ఆగాడు.

"ఈ దేశంలో నీకెవరైనా ఉన్నారా?"

పరదేశి తల అడ్డంగా ఊపాడు. కుర్రాడు గీత కొట్టడానికి స్కేలు పెట్టాడు.

కిటికీ ఊచల్లోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వెళ్లి ఆ స్కేలు మీద పడింది.

"కొట్టకు. నా పేరు రాయి."

"మీరేమవుతారు?"

"ఇల్లు అద్దెకిచ్చాను."

"అది కుదరదు పెద్దాయనా. బంధుత్వం కావాలి. త్వరగా చెప్పండి, మూసేస్తున్నాం."

బాబాయి పరదేశి వైపు తిరిగాడు. తన కాగితం దొంగిలించినవాడి మొహంలోకి పరదేశి ఒక్క క్షణం చూశాడు, కిటికీలోకి వంగాడు.

"మా నాన్న," అన్నాడు. "రాసుకోండి."