సముద్రం ఒడ్డున సత్రం

“మా ఇంటికి కాదమ్మా! విమానం దిగగానే తిన్నగా సముద్రం ఒడ్డుకే తీసుకెళ్తాం. అక్కడొక కాటేజీ అద్దెకి తీసుకుంటున్నాం. మీరున్న పదిహేను రోజులూ అందరం అక్కడే...”

ఇంగ్లండు నుంచి కూతురు జ్ఞానేశ్వరి ఫోనులో ఆ మాట అనగానే, గుణదలలోని తన ఇంట్లో కూర్చుని వింటున్న బాలాత్రిపురసుందరి గుండెల్లో రాయి పడింది!

“అదేమిటే ఈశ్వరీ? సొంతిల్లు కొనుక్కున్నామని పోయినేడు ఫోటోలు కూడా పంపావుగా! ఇల్లు పెట్టుకుని అద్దె కొంపేమిటి తల్లీ?”

“ఇక్కడందరూ సెలవులకి అలాగే వెళ్తారమ్మా. ఉత్తరాన సముద్రం చాలా బాగుంటుంది. జనం ఉండరు, గోల ఉండదు. నాన్నకి నచ్చుతుంది.”

“పోనీ, వెళ్ళేముందు ఒక్కపూట మీ ఇంట్లో దిగి...”

“వద్దమ్మా!” అంది జ్ఞానేశ్వరి గబుక్కున. అనేసి, గొంతు తగ్గించి, “అది దారి కాదులే... ఉంటాను మరి” అని ఫోను పెట్టేసింది.

వద్దట! కన్నతల్లిని తన గుమ్మం ఎక్కవద్దట! ఎనిమిదేళ్ళ కిందట ఒళ్ళో కూర్చోబెట్టుకుని అప్పగింతలు పెట్టిన పిల్ల, అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదలనని ఏడ్చిన పిల్ల, ఈనాడు ఇంటికి రావద్దంటుందా! సుందరి అలాగే రిసీవరు పట్టుకుని కూర్చుండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఆ నీళ్ళ వెనకనుంచి ఒక ఆలోచన తల ఎత్తింది. అసలు ఆ ఇంట్లో తన కూతురు ఉంటోందా?

అది రెండువేల నాలుగో సంవత్సరం, ఏప్రిల్ నెల. అల్లుడు ప్రద్యుమ్న న్యూకాజిల్‌లో డాక్టరు. అక్కడికి వెళ్ళి ఐదేళ్ళయింది. ఐదేళ్ళ నుంచీ రమ్మని పిలుస్తూనే ఉన్నారు. సుందరి భర్త అచ్యుతరామారావు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఆఫీసు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. మాట తప్పడు, పద్ధతి తప్పడు. కూతురు పిలిచినప్పుడల్లా ఒకసారి మోకాళ్ళనీ, ఒకసారి చలనీ, ఏదో ఒక వంక చెప్పి దాటేసేవాడు. అటువంటి మనిషి ఈసారి కాటేజీ అనగానే ఎగిరి గంతేసినంత పని చేశాడు!

“మంచి ఏర్పాటు చేసిందే! జూన్‌లో వెళ్దామని చెప్పు” అన్నాడు.

“మంచి ఏర్పాటేమిటండీ? ఇంటికి రావద్దంటుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదా?”

“సముద్రం చూడమంటే చేదా నీకు? పెళ్ళయిన దగ్గర్నుంచీ గుళ్ళూ గోపురాలే తప్ప నిన్ను ఒక్క విహారయాత్రకి తీసుకెళ్ళానా? పద, వెళ్దాం” అంటూ అట్లాసు తెరిచి ఇంగ్లండు పైభాగంలో వేలు పెట్టి వెతకడం మొదలెట్టాడు.

ఈయనకి ఇంత ఉత్సాహం ఎక్కడిది? ఐదేళ్ళుగా లేని మోకాళ్ళ బలం ఇవాళ ఎక్కడినుంచి వచ్చింది? తండ్రీ కూతుళ్ళు కలిసి తన దగ్గర ఏదో దాస్తున్నారా? ఇప్పటిదాకా కూతురి కాపురం మీద ఉన్న అనుమానం మొగుడి మీదికి కూడా పాకింది పాపం, ఆ ఇల్లాలికి.

ఆ మంటలో కిరసనాయిలు పొయ్యడానికి ఆడపడుచు బుల్లెమ్మ ఉండనే ఉంది. అచ్యుతరామారావుకి అక్కగారు. పిల్లాపాపా లేరు. భర్త పోయాక తమ్ముడి పంచన చేరింది. వీధిలో ఎవరింట్లో పాలు పొంగినా, విరిగినా ముందు ఆవిడకే తెలియాలి!

“కాటేజీ అంటే తిరపతి కొండ మీద ఇస్తారు, అదేగా? అక్కడ ఏ దేవుడున్నాడని కాటేజీ?” అంది ముక్కు మీద వేలేసుకుని. “నిప్పు లేందే పొగ రాదే సుందరీ! మొగుడూ పెళ్ళాలు సవ్యంగా ఉంటే ఇంటికి రావద్దని ఎవరంటారు? ఆ ఇంట్లో ఇంకెవత్తయినా దిగిందేమో కనుక్కో!”

“అంతంత మాటలనకండి వదినగారూ! మీకు దణ్ణం పెడతాను!”

“నేనేమన్నా గిట్టక అంటున్నానా? ఎనిమిదేళ్ళయింది, కడుపు పండలేదు. మగాడి మనసు ఎన్నాళ్ళని ఒకచోట ఉంటుంది? అల్లుడు ఫోనులో మాట్టాడి ఎన్నాళ్ళయిందో చెప్పు ముందు!”

సుందరి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. నిజమే! సంక్రాంతికి మాట్లాడాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా డ్యూటీ, లేకపోతే నిద్ర! ‘అత్తయ్యగారూ, మీ మాగాయ అయిపోయిందండీ, ఈసారి రెండు జాడీలు పంపాలి’ అని నోరారా పలకరించే అబ్బాయి... మూడు నెలలుగా మాయమైపోయాడు!

ఇక చూసుకోండి, ప్రయాణం ఏర్పాట్లు ఒక పక్కా, అనుమానాలు ఒక పక్కా! వీసా పనుల మీద ఆయన తిరుగుతుంటే, ఈవిడ కూతురి మాటలు ఒక్కొక్కటే తీసి, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుకునేది. ‘అమ్మా, పప్పులూ పొడులూ ఎక్కువ తీసుకురా, అక్కడ వంటంతా నేనే చేస్తాను’ అందే, అంటే అక్కడ సరుకులకి కూడా కటకటా? ‘నాన్నకి ఏ కూరలు ఇష్టమో ఇంకోసారి చెప్పు’ అని మూడుసార్లు అడిగిందే, పుట్టి పెరిగిన ఇంటి సంగతులు కూడా మర్చిపోయేంత దిగులుందా పిల్లకి? కాటేజీ ఫోటో పంపింది. బూడిదరంగు రాతిగోడలు, చుట్టూ గడ్డి, వెనక సముద్రం. కనుచూపు మేర మనిషి జాడ లేదు. ‘ఎంత బాగుందో!’ అని ఆయన మురిసిపోతుంటే, ‘ఎవరూ లేని చోటికి పిలిచి, చెప్పరాని కబురేదో చెప్పాలని కాదు గదా!’ అని ఆవిడ ఆ ఫోటోని బోర్లించి పెట్టింది.

మే నెల ఎండ బెజవాడలో ఎలా ఉంటుందో చెప్పాలా? ఆ ఎండలో అచ్యుతరామారావు బీసెంటు రోడ్డంతా తిరిగి, ఎక్కడో అడుగున పడేసిన స్వెట్టరు బయటికి తీయించి కొనుక్కొచ్చాడు. షాపువాడు నవ్వాడట. సుందరికి మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే పక్కింటి అమలమ్మ గోడ దగ్గర పలకరించింది. ఆవిడ నర్సుగా చేసి రిటైరైంది. వాళ్ళమ్మాయి కూడా న్యూకాజిల్‌లో, ప్రద్యుమ్న పనిచేసే ఆస్పత్రిలోనే నర్సు.

“సుందరమ్మగారూ, అల్లుడుగారు కులాసానా అండీ? ఫిబ్రవరిలో నెల్లాళ్ళు డ్యూటీకే రాలేదంట కదా! మా అమ్మాయి చెప్పింది. మొహం పీక్కుపోయి, ఎవరితోనూ మాట్లాడటం లేదంట...”

“ఆ... అదీ... జ్వరమండీ” అని ఏదో అబద్ధమాడి లోపలికొచ్చింది సుందరి. వంటగదిలోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నెల్లాళ్ళు! ఫిబ్రవరంతా జ్ఞానేశ్వరి ఫోనులో ‘ఆయన డ్యూటీలో ఉన్నారమ్మా’ అనే చెప్పింది! డ్యూటీకి పోని మనిషి, ఇంట్లో లేని మనిషి ఎక్కడున్నట్టు? ఎవరి దగ్గరున్నట్టు? ఇంక సందేహం ఏముంది... నా తల్లి కాపురం కూలిపోయింది! ఆ గుట్టు బయటపడకూడదని అద్దె ఇంట్లో పదిహేను రోజులు ఇద్దరూ నాటకమాడి, మమ్మల్ని తిరిగి విమానం ఎక్కించాలని చూస్తున్నారు!

ఆ వచ్చే ఆదివారం ఆయన బజారుకి వెళ్ళగానే, కూతురు చేసే వేళ కాకముందే సుందరి తనే ఫోను చేసింది. బుల్లెమ్మ గుమ్మానికి ఆనుకుని చెవులు రిక్కించి నిలబడింది.

“హలో” అంది మగగొంతు. ప్రద్యుమ్నే!

“బాబూ... నేను... మీ అత్తయ్యని.”

“అత్తయ్యగారూ!” అని ఆగిపోయాడు. “క్షమించండి. మీతో అబద్ధం చెప్పడం నా వల్ల కాదండీ. అందుకే ఫోను దగ్గరికి రావడం లేదు. ఏ సంగతైనా తనే చెప్పాలి. ఇస్తున్నానుండండి.”

అబద్ధమట! విన్నారా! సుందరి ఇక ఆగలేకపోయింది. కూతురు ఫోను అందుకోగానే గుండె బద్దలయ్యేలా అడిగేసింది.

“ఈశ్వరీ! నా మీద ఒట్టు, నిజం చెప్పు! అల్లుడు నిన్ను వదిలేశాడా? ఆ ఇంట్లో ఎవరున్నారే? ఎందుకు మమ్మల్ని రావద్దన్నావు?”

“అమ్మా! ఏం మాటలమ్మా అవి!” జ్ఞానేశ్వరి భోరుమంది. “ఆయన్ని అలా అనకు! ఫిబ్రవరిలో నాకు ఆపరేషనైతే నెల్లాళ్ళు సెలవు పెట్టి, నా పక్కనుంచి కదల్లేదు. స్నానం చేయించారు, జడ కూడా ఆయనే వేశారమ్మా!”

“ఆపరేషనా? ఏం ఆపరేషనే?”

“రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మీకు చెప్పలేదు... మూడోసారి నా ప్రాణం మీదికొచ్చింది. గర్భసంచి తీసేశారు. ఇంక నాకు పిల్లలు పుట్టరమ్మా!”

సుందరి గోడ పట్టుకుంది.

“మా ఇంటికి వస్తే నాన్న అన్నం తినడుగా...” వెక్కుతూనే చెప్పింది జ్ఞానేశ్వరి. “మనవడో మనవరాలో పుట్టేదాకా కూతురింట్లో మెతుకు ముట్టకూడదుగా! ఇన్నాళ్ళూ ఇవాళ కాకపోతే రేపు తింటాడని ఎదురుచూశాను. ఇంక ఎప్పటికీ తినడు. ఈ కాటేజీ అయితే మాది కాదు, ఎవరిదో. సత్రం లాంటిది. అక్కడ నేను వండినా నాన్న నియమానికి భంగం రాదుగా! ఒక్క పదిహేను రోజులు... నా చేత్తో నాన్నకి అన్నం పెట్టుకుందామని... అంతేనమ్మా! అంతే!”

అంతేనా! ఎంత పని చేశావే నా బంగారు తల్లీ! సుందరికి హైదరాబాదు గుర్తొచ్చింది. అల్లుడు అక్కడ పెద్ద చదువు చదువుతున్నప్పుడు కొత్తకాపురం చూడ్డానికి వెళ్ళారు తామిద్దరూ. పిల్ల పొద్దున్నే లేచి గుత్తొంకాయ కూర, పులిహోర చేసి ఆకులు వేసింది. ఈయన కుర్చీలోంచి లేవకుండానే, “మాకు ఆచారం లేదమ్మా” అని సౌమ్యంగా చెప్పి, వీధి చివర హోటలుకి బయల్దేరాడు. ఆయన వెనకే తనూ వెళ్ళింది. అందులో తప్పుందని అప్పుడు తనకి తోచనే లేదు. తరతరాలుగా వస్తున్నదే కదా! అల్లుణ్ణి అనుమానించింది, కూతుర్ని అనుమానించింది, కనపడని ఆడదాన్నెవర్నో కల్పించి మరీ ఆడిపోసుకుంది. తన ఇంటి ఆచారాన్ని మాత్రం అనుమానించలేదు!

అచ్యుతరామారావు బజారు నుంచి వచ్చి, మంకీ క్యాపు తలకి తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. సుందరి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“మీకు ముందే తెలుసు కదూ? అద్దె ఇల్లు ఎందుకు తీసుకుందో?”

ఆయన క్యాపు తీసేశాడు. “నోటితో చెప్పలేదు గానీ, అర్థమైంది. నా నియమం చెడకుండా, దాని ముచ్చట తీరేలా చేసిందిలే, తెలివైన పిల్ల అనుకున్నాను. అందులో ఏముందీ?”

“ఏముందా!” అని సుందరి జరిగినదంతా చెప్పింది. చెప్తూ చెప్తూ కింద కూలబడిపోయింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మంచం అంచున కూర్చుని, చేతిలోని క్యాపు మడతపెడుతూ, “పెద్దలు పెట్టింది... నేనెలా...” అన్నాడు మెల్లిగా.

సుందరి కళ్ళు తుడుచుకుని లేచింది. ఆయన మాటకి ఎదురు చెప్పి ఎరగని మనిషి!

“మీ ఆచారం మీరుంచుకోండి. నేను ఆ సముద్రానికి రాను. నా కూతురింటికి వెళ్తాను. దాని వంటింట్లో, దాని పీట మీద కూర్చుని, అది పెట్టింది తింటాను. మీరు సత్రంలోనే ఉండండి!”

“ఒరేయ్ తమ్ముడూ!”

ఇద్దరూ తిరిగి చూశారు. గుమ్మంలో బుల్లెమ్మ. ఎప్పుడూ గంట వాయించినట్టుండే ఆవిడ గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

“నాన్న మా ఊరొచ్చినప్పుడల్లా అరుగు మీదే కూర్చునేవాడురా. లోపల నేను వండుతూనే ఉండేదాన్ని. ఈసారైనా మనసు మారుతుందేమోనని. మంచినీళ్ళు కూడా అడక్కుండా బండెక్కి పోయేవాడు. ఆ వంటంతా పాలేళ్ళకి పెట్టేదాన్ని... మా ఆయన తింటుంటే నాకు ముద్ద దిగేది కాదు. గొడ్రాలినని ఊళ్ళో అందరూ అన్నార్రా, నేను పట్టించుకోలేదు. నాన్న మాత్రం నోటితో అనకుండా, తినకుండా అన్నాడు. పోయేదాకా నా చేతి ముద్ద తినకుండానే పోయాడు!”

బుల్లెమ్మ ఏడవడం సుందరి అంతవరకూ చూడలేదు. భర్త పోయినప్పుడు కూడా ఆవిడ అంతలా ఏడవలేదు. ఇన్నేళ్ళూ ఈవిడ నోటికి భయపడ్డానే తప్ప, ఈవిడ కడుపులో ఏముందో ఒక్కనాడైనా అడిగానా అనుకుని, వెళ్ళి ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది. ఇద్దరాడవాళ్ళూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తలపెట్టుకుని ఏడ్చారు.

“అక్కయ్యా... నాకెప్పుడూ చెప్పలేదేం?” అన్నాడు అచ్యుతరామారావు.

“చెప్తే ఏం చేసేవాడివి? నువ్వూ ఆ పద్ధతిలోనే పెరిగావుగా! ఇప్పుడైనా చెయ్యి!”

ఆయన లేచాడు. ఎన్నడూ కూతురికి తనంతట తాను ఫోను చెయ్యని మనిషి, సుందరిని నంబరు చెప్పమని అడిగి, ఒక్కో అంకే నొక్కాడు.

“తల్లీ... నేను, నాన్నని. అమ్మ చెప్పింది.” రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. “సముద్రానికి తర్వాత అందరం కలిసి వెళ్దాం. బుల్లెమ్మ అత్తయ్యని కూడా తీసుకొస్తాం. ఆవిడ పాస్‌పోర్టు ఆలస్యమైతే మన ప్రయాణం వెనక్కి జరుపుకుందాం. విమానం దిగగానే ముందు మీ ఇంటికే వస్తాం. వచ్చిన పూట నాకేం వండి పెడతావు?”

అవతల నుంచి ఏడుపు వినిపిస్తోంది. ఆయన ఫోను చెవికి అదిమిపెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

“నాన్నా...” అంది చివరికి జ్ఞానేశ్వరి. “కందిపచ్చడి, ముక్కల పులుసు... చాలా?”

“ఇంకో కూర కూడా చెయ్యమ్మా” అన్నాడు అచ్యుతరామారావు. “ఆకలితో వస్తాను.”