గువ్వకు నేర్పిన పిలుపు

గువ్వ బట్టలన్నీ సర్దాలి. నాలుగు రోజులకు సరిపడా కాదు, అన్నీ.
టీకాల పుస్తకం, పుట్టిన తేదీ కాగితం నా చేతికివ్వాలి.
అది పట్టుకుని పడుకునే నీ పాత శాలువా తేకూడదు.
రైల్లో అది నా పక్కనే కూర్చోవాలి. కిటికీ సీటని ఆశపెట్టు.
ముద్దలు నేనే పెడతాను. నువ్వు అటు చూడకు.
మెట్లెక్కేటప్పుడు ఎత్తుకోమంటే ఎత్తుకోకూడదు.
"అమ్మా" అంటే పలకకూడదు. "పెద్దమ్మా" అంటేనే పలకాలి.
మూడో రోజు సాయంత్రం దానికి చెప్పకుండా వెళ్ళిపోవాలి.

ఆఫీసు కాగితం మీద గుండ్రటి అక్షరాలతో చెల్లెలు రాసి పంపిన జాబితా అది! అక్క దాన్ని కుట్టుమిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివింది. మూడోసారి చివరి వరకూ రాలేకపోయింది. కళ్ళలో నీళ్ళు అడ్డం పడి అక్షరాలన్నీ అలుక్కుపోయాయి... కింద కూర్చుని గుడ్డపీలికలతో బొమ్మకి గౌను చుడుతున్న గువ్వ తలెత్తి, "అమ్మా, ఉత్తరంలో ఏం రాశారు?" అంది. "మనం ఊరు చూడ్డానికి వెళ్తున్నామట తల్లీ... కోటలు, బురుజులు ఉన్న పాత ఊరు..." "మనిద్దరమేనా?" "పిన్నీ, బాబాయీ, అక్కా కూడా." "అబ్బ! అయితే బొమ్మకి ఇంకో గౌను కావాలి!" అని మళ్ళీ పనిలో పడిపోయింది ఆ పిచ్చితల్లి!

గువ్వకి అయిదున్నరేళ్ళు. పదకొండు రోజుల పసిగుడ్డుగా ఉన్నప్పుడు తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది చెల్లెలు. అప్పుడే ఉద్యోగంలో చేరమని ఆర్డరు వచ్చింది. ఆమె పెద్దపాపకి అప్పటికి మూడున్నరేళ్ళు. ఒంట్లో ఓపిక లేదు. "నావల్ల కాదక్కా... బావ పోయాక నువ్వూ ఒంటరిదానివైపోయావు. దీన్ని నువ్వే తీసుకో. ఇక ఇది నీ బిడ్డే, ఒట్టు!" అని ఏడ్చింది. చెల్లెలి మాట అక్క ఎప్పుడు కాదంది గనక! ఆ ఇంట్లో మొట్టమొదట కాలేజీ మెట్లెక్కింది చెల్లెలే. దాని కోసం అక్క ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి, యూనిఫారాల షాపులో కాలర్లు కుట్టడానికి కూర్చుంది. ఈనాటికీ ఆ కాలర్లే కుడుతోంది.

ఇప్పుడు చెల్లెలు సొంత ఇల్లు కట్టుకుంది. మరిదికి పెద్ద పదవి వచ్చింది. "రెండో పిల్లని పెంచలేక ఎవరికో ఇచ్చేశారటగా అని నలుగురూ అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నాం వదినగారూ," అన్నాడు మరిది. ఎవరికో! అయిదున్నరేళ్ళు జ్వరాలకు మేలుకున్న మనిషి, ఎవరో! అయినా అక్క ఒప్పుకునేది కాదు. కానీ చెల్లెలు ఒకే ఒక్క మాట అంది. "నీ దగ్గరే ఉంటే అదీ నీలాగే కాలర్లు కుట్టుకుంటుంది. అదేనా నీకు కావలసింది?" ఆ మాటతో అక్క ఒప్పేసుకుంది.

"మరి మీ ఇంటికే తీసుకెళ్ళకూడదూ? ఈ ఊళ్ళు తిరగడం ఎందుకే?"

"గుమ్మం పట్టుకుని వేలాడుతుందక్కా. కొత్త ఊళ్ళో సరదాల మధ్య అయితే పిల్లలు తెలియకుండానే అలవాటు పడతారట. పుస్తకంలో చదివాను. మొదట్లో నువ్వు లేకపోతే అదసలు బయల్దేరదు. అందుకే నిన్నూ రమ్మంటున్నాను."

అందుకే... అంతే!

* * *

ఊరి చుట్టూ రాతిగోడ. లోపలికి ఏనుగు పట్టేంత తలుపు, తలుపు నిండా ఇనుప ముళ్ళు. ఎన్నో తరాల మనుషులు నడిచి నడిచి అద్దంలా అరిగిన రాళ్ళ సందులు. గువ్వకి నోరు మూతపడలేదు. "ఇంత పెద్ద తలుపుకి తాళంచెవి ఎంతుంటుంది? రాజుగారు జేబులో ఎలా పెట్టుకుంటారు?" అంది. తొమ్మిదేళ్ళ పెద్దపాప బోర్డులన్నీ పైకి చదువుతూ, "మొద్దూ! రాజులకి జేబులుండవు. పైన ఆ కంతల్లోంచి శత్రువుల మీద మరిగే నూనె పోసేవాళ్ళు, తెలుసా?" అంది. "అయ్యో, మరి వాళ్ళమ్మలు ఏడవరూ?" అంది గువ్వ. మరిది పకపకా నవ్వాడు. అక్క కూడా నవ్వబోయింది. చెల్లెలు చూసిన చూపుకి ఆ నవ్వు పెదాల మీదే చచ్చిపోయింది.

బురుజు ఎక్కడానికి రెండువందల పన్నెండు మెట్లు. ముప్పయ్యో మెట్టు దగ్గర గువ్వ ఆగి, రెండు చేతులూ పైకి చాచింది. "అమ్మా, ఎత్తుకో."

అక్క గోడవైపు తిరిగింది.

"అమ్మా! నిన్నే! వినబడట్లేదా?"

వినబడింది తల్లీ... ప్రతి అక్షరమూ వినబడింది! "పెద్దమ్మా అను. అలా అంటేనే పలుకుతాను," అంది అక్క, గోడవైపే చూస్తూ. గువ్వ కాసేపు ఆలోచించింది. ఇదేదో కొత్త ఆట కాబోలనుకుంది. మొహం నిండా నవ్వుతో, "సరే! పెద్దమ్మా, ఎత్తుకో!" అంది.

అడిగినట్టే అందే! సరిగ్గా అందే! ఇప్పుడేం చెయ్యాలి?... అక్క చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి. వెనక నుంచి చెల్లెలు దగ్గింది. చాచిన చేతులు వెనక్కి తీసుకుని, "అమ్మనడుగు," అని చెల్లెలిని చూపించి, అక్క గబగబా పైకెక్కేసింది. చెల్లెలు ఎత్తుకుంటే గువ్వ కర్రలా బిగుసుకుపోయింది. ఆ రెండువందల పన్నెండో మెట్టు మీంచి ఊరంతా కనబడుతుందట, నది వంపు కనబడుతుందట... అక్కకేమీ కనబడలేదు.

మధ్యాహ్నం గడియారపు స్తంభం నీడలో పొట్లాలు విప్పారు. చెల్లెలు ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే గువ్వ పెదాలు బిగించేసింది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. చుట్టూ జనం చూస్తున్నారు. చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతైనా ఆమె కన్నతల్లే మరి! ఆ నీళ్ళే మరుక్షణం కోపమయ్యాయి.

"నువ్వలా జాలిమొహం వేసుక్కూర్చుంటే అది నా చేతిముద్ద ముట్టదు," అంది పళ్ళ బిగువున. "ఒక్కటి వెయ్యి దాన్ని."

"నేనా?... ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా..."

"అందుకే వెయ్యమంటున్నాను! నీమీద భయం పుడితే గానీ నా దగ్గరికి రాదు. దాని బాగు కోసం కాదా అక్కా? నీకోసం చూసుకుంటున్నావా, దానికోసమా?"

మరిది ఏమీ వినబడనట్టు గడియారం వైపు చూస్తున్నాడు.

అక్క కొట్టింది! కళ్ళు మూసుకుని, ఆ లేత చెంప మీద కొట్టింది! గువ్వ ఏడవలేదు. ఎర్రబడిన చెంపని తడుముకోనైనా లేదు. అక్క చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "మండుతోందా? సూది గుచ్చుకుందా?" అని ఉఫ్ ఉఫ్‌మంటూ ఊదింది. రోజూ మిషను దగ్గర సూది గుచ్చుకున్నప్పుడల్లా ఊదినట్టే...

అక్క చెయ్యి లాక్కుంది. ఆశ్చర్యంతో తెరుచుకున్న ఆ చిన్న నోట్లో చెల్లెలు ముద్ద పెట్టేసింది. "చూశావా, తింది!" అంది గెలిచినట్టు.

* * *

మూడో రోజు పొద్దున్న గదిలో తల దువ్వుతుంటే గువ్వ మెల్లగా అడిగింది. "మనింటికి ఎప్పుడెళ్తాం?"

నిజం చెప్పే ధైర్యం అక్కకి లేదు. అబద్ధం చెప్పే తెలివీ లేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నువ్వు అందరినీ సరిగ్గా పిలవడం నేర్చుకున్నాక," అనేసింది. గువ్వ మాత్రం బుద్ధిగా తలూపింది. ఆ పూటంతా సందుల్లో నడుస్తూ ఎక్కాలు వల్లించినట్టు తనలో తను గొణుక్కుంటూనే ఉంది. "ఈవిడ అమ్మ... ఆవిడ పెద్దమ్మ... ఈవిడ అమ్మ... ఆవిడ పెద్దమ్మ..."

ఆరోజు చూడవలసింది రాణిగారి మహల్. తొంభై తలుపులట! ఏ తలుపు తీసినా మరో గది, ఆ గదికి మళ్ళీ మూడు తలుపులు. చెల్లెలు పెద్దపాపని కిటికీలో కూర్చోబెట్టి ఫోటో తీస్తోంది. చెల్లెలు చెప్పిన ప్రకారమే అక్క పదడుగుల దూరంలో నిలబడింది. తిరిగి చూస్తే గువ్వ లేదు!

"గువ్వా!... గువ్వా!" ముగ్గురూ మూడు తలుపుల్లోకి పరిగెత్తారు. గది వెనక గది! ఎవరి పిల్లలో, ఎవరి అరుపులో! అక్క గోడలకు కొట్టుకుంటూ, ఎదురైన ప్రతి గౌనూ పట్టి చూస్తూ తిరిగింది. గంటన్నర! మళ్ళీ హాల్లో కలుసుకున్నప్పుడు చెల్లెలు అక్క భుజాలు పట్టి ఊపేసింది.

"నువ్వే దాచావు! చెప్పు, ఎక్కడ దాచావు? ఇవ్వాళ వెళ్ళాలి కదా, అందుకని ఈ నాటకం!"

"నేనా?... నేనా చెల్లీ?..."

"నీ చేతుల్లో పెరిగిన బిడ్డతో ఈ ఆటలా! నిన్ను నమ్మి తీసుకొచ్చాను చూడు, నన్ననాలి!"

అక్కకి ఆ మాటకు కూడా కోపం రాలేదు. పిల్ల దొరికితే చాలు, దొంగ అన్నా పడతాననుకుంది.

దొరికింది. వెనక ద్వారం దగ్గర కాపలావాళ్ళ గదిలో స్టూలు మీద కాళ్ళాడిస్తూ కూర్చుని ఉంది. పక్కన ఖాకీ దుస్తుల్లో ఓ పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు చివర. చెల్లెలు ముందుకు దూకబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండమ్మా. ఎవరు తల్లి?"

"నేనే! ఇదిగో పుట్టిన తేదీ కాగితం, చూడండి!"

"కాగితాలు నాకొద్దు. ఈ మహల్లో రోజుకి ముగ్గురు నలుగురు తప్పిపోతారు. పిల్ల నోటితో చెబితేనే అప్పగిస్తాను. అదీ ఇక్కడి పద్ధతి." గువ్వ వైపు వంగింది. "భయపడకు బంగారం. మీ అమ్మ ఎవరో చూపించు."

గుమ్మం దగ్గర నిలబడిపోయిన అక్క గుండెలో మూడు రోజులుగా తొక్కిపెట్టినదంతా ఒక్కసారిగా లేచింది. ఒక్కసారి నన్ను అమ్మా అనవే... ఒక్కసారి వేలు నావైపు చూపించవే! ఆ కాగితం లేదు, చెల్లెలు లేదు, చదువులు లేవు! ఈ మనుషులందరి ముందూ నిన్నెత్తుకుని వెళ్ళిపోతాను. గంజి తాగి బతుకుదాం. కాలర్లు కుట్టుకునే బతుకులో తప్పేముంది? అను తల్లీ... అను...

గువ్వ ఇద్దరినీ చూసింది. అక్కని ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. తర్వాత బడిలో టీచరు ముందు నిలబడినట్టు స్టూలు దిగి, చేతులు కట్టుకుంది. ఒక చెయ్యి విప్పి చెల్లెలి వైపు చూపించింది.

"ఈవిడ అమ్మ."

"మరి ఆవిడ?"

"ఆవిడ పెద్దమ్మ."

ఒక్క తడబాటు లేదు!

చెల్లెలు భోరున ఏడుస్తూ గువ్వని గుండెలకు హత్తుకుంది. మరిది కళ్ళు తుడుచుకున్నాడు. "కన్నపేగు ఎక్కడికి పోతుంది వదినగారూ!" అన్నాడు. పెద్దావిడ మాత్రం కళ్ళజోడు తీసి అక్క మొహంలోకే చూస్తూ, "కాస్త కూర్చోమ్మా, మంచినీళ్ళిస్తాను," అంది. ఆ మూడు రోజుల్లో అక్కని కూర్చోమన్నది ఆవిడొక్కతే.

బయటికొస్తుంటే గువ్వ చెల్లెలి చంకలోంచి జారి, పరిగెత్తుకొచ్చి అక్క వేలు పట్టుకుంది. కాలివేళ్ళ మీద నిలబడి, వంగిన అక్క చెవి దగ్గర గుసగుసగా అంది. మొహం వెలిగిపోతోంది!

"అందరినీ సరిగ్గా పిలిచాను కదమ్మా? ఇక మనింటికి వెళ్ళిపోదామా?"

భగవంతుడా!... అక్క దాని ముందు కూర్చుంది. దాని రెండు చేతులూ తీసుకుని తన మొహానికి ఆనించుకుంది. అప్పుడే నోరు విప్పి చెప్పేయొచ్చు. ఇంకా కాపలాగది కనబడుతూనే ఉంది. ఆ పెద్దావిడ గుమ్మంలోనే ఉంది. ఒక్క అరుపు చాలు! కానీ అక్క కళ్ళ ముందు యూనిఫారాల షాపు కదిలింది. ట్యూబులైటు కింద వంగిన మెడలు, సూదులు దిగిన వేళ్ళు... ఆ మెడల్లో ఒకటి గువ్వది.

"సరిగ్గా పిలిచావమ్మా. ఒక్క తప్పు కూడా లేదు," అంది. "అదిగో, మీ అక్క ఏదో చూపిస్తానంటోంది. వెళ్ళు."

గువ్వ గెంతుకుంటూ వెళ్ళింది. ఇంకా ఎండ ఉండగానే, ఆ ఏనుగు తలుపు దాటి, చిన్న చేతిసంచీతో అక్క ఒక్కతే రైలుకి నడిచింది. వెనక్కి తిరగలేదు. తిరగకూడదని మాటిచ్చింది. ఇంటికొచ్చిన నాలుగోరోజు చెల్లెలి ఫోన్ వచ్చింది. "రెండు రోజులు బాగా ఏడ్చిందక్కా. ఇప్పుడు అడగడం మానేసింది. నువ్వు మాత్రం ఓ ఏడాది ఇటు రాకు. మళ్ళీ మొదటికొస్తుంది." "సరేనే," అంది అక్క.

ఏళ్ళు గడిచాయి. గువ్వ ఇప్పుడు పెద్ద కాలేజీలో చదువుతోంది, చక్కగా ఇంగ్లీషు మాట్లాడుతుంది. ఆ ఇంటికి ఎవరొచ్చినా చెల్లెలు మురిసిపోతూ ఒక కథ చెబుతుంది. "చిన్నప్పుడు రాణిగారి మహల్లో తప్పిపోయింది. అప్పటికి మా దగ్గరికొచ్చి మూడు రోజులే! అయినా వేలు పెట్టి, ఈవిడే మా అమ్మ అని చూపించింది!" వింటున్నవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. గువ్వ సిగ్గుపడి నవ్వుతుంది. తనకేమీ గుర్తులేదంటుంది.

గుర్తుండదు. అయిదున్నరేళ్ళ పిల్లకి ఎలా గుర్తుంటుంది? ఆ కథ చెప్పేటప్పుడు పెద్దమ్మ పేరెత్తేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అందుకే ఇది చదివిన తల్లులనీ, అక్కచెల్లెళ్ళనీ అడుగుతున్నాను. మీరెవరైనా ఆమెను గుర్తుపెట్టుకోండి.