ఒట్టి ఇసుర్రాయి తిప్పిన కోడలు

తొలి బుక్క నోట్లో పెట్టుకోగానే హన్మంతు ముఖం అదోలా మారింది. నమలడం ఆపాడు. నాలుకతో అటూ ఇటూ వెతికి, వేలితో ఏదో తీసి వెలుతురుకు పెట్టి చూసి, కంచం పక్కకు జరిపాడు.

"ఏందే ఇది? రొట్టెల ఇసుక తాకుతుంది."

ఉప్పునుంతలలో ఆ ఇంటి జొన్నరొట్టెకు పేరుంది. పొలానికి పోయేముందు తండ్రీ కొడుకూ పొయ్యి దగ్గరే కూర్చుని, వేడివేడి రొట్టెలో పల్లీల తొక్కు నంజుకుని, చెంబెడు మజ్జిగ తాగి లేవడం ఏళ్ళ తరబడి అలవాటు. అలాంటి రొట్టెలో ఇసుకా! హన్మంతు భార్య జోగులమ్మకు తల కొట్టేసినట్టయింది. రొట్టెలు కొట్టేది ఆమే, పిండి జల్లించేదీ ఆమే.

"ఇసుక యాడికెల్లి ఒస్తది?" అంటూ ఒక తునక తుంచి నోట్లో వేసుకుంది. కరకరమంది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"నిన్న గూడ తాకింది," అన్నాడు హన్మంతు. "నా పండ్లే ఊగుతున్నయేమో అనుకున్న."

కొడుకు గోవిందు తల వంచుకుని తింటూనే ఉన్నాడు. తల్లికి కోపం వచ్చిన పూట గోవిందు పళ్ళ కింద ఏదైనా నలుగుతుంది, ఇసుక ఒక లెక్కా!

పీట మీద కూర్చుని రొట్టెలకు వెన్న రాస్తున్న కోడలు భీమమ్మ మాత్రం రాయడం ఆపేసింది. ఆ ఇసుక ఎక్కడిదో ఆమెకు అప్పుడే తట్టింది.

ఆ ఇంట్లో కోడల్ని చూసుకునే తీరు ఊరంతా చెప్పుకునేది. బల్మూర్ నుంచి భీమమ్మ కాపురానికి వచ్చిన రోజే జోగులమ్మ ఖచ్చితంగా చెప్పింది, "నా కోడలు ఇసుర్రాయి ముట్టొద్దు, రోకలి ముట్టొద్దు" అని. కొత్తలో అది హాయిగానే ఉండింది, ఎవరికి చేదు! నేతి అన్నం, వెన్న రొట్టె, పొద్దంతా పీట. బిడ్డ పుట్టాక మూడు నెలలు మంచం దిగనివ్వలేదు. ఏడేళ్ళు తిరిగేసరికి గాజులు చేతికి బిగుసుకుపోయాయి, కాళ్ళ కడియాలు కోయించి తీయాల్సి వచ్చింది. జోగులమ్మ దాన్ని కూడా గొప్పగానే చెప్పుకుంది. నేల మీద కూర్చుంటే మాత్రం భీమమ్మను లేపడానికి ఒకరు చెయ్యివ్వాలి. ఇద్దరైతే ఇంకా మేలు.

పోయిన ఎండాకాలం దాకా అది ఇంట్లో నవ్వులాటే. ఒక మధ్యాహ్నం జోగులమ్మ చేనుకు సద్ది పట్టుకుని పోయింది. భీమమ్మ వసారాలో నేల మీద కూర్చుని విత్తనం పల్లీలు ఒలుస్తోంది. మూడేళ్ళ కూతురు అంజి కుడితి తొట్టి దగ్గర ఆడుకుంటోంది. కొత్తగా కొన్న కోడె గుంజ పెరికేసుకుని, తాడు ఈడ్చుకుంటూ నేరుగా తొట్టి మీదికి వచ్చింది. భీమమ్మ అంతా చూస్తూనే ఉంది. చేతులు ఊని ఒక మోకాలు లేపింది, రెండోది లేవలేదు, ముందుకు బోర్లా పడింది. కన్నబిడ్డ పది అడుగుల దూరంలో ఉంటే ఆమె లేవలేకపోయింది!

పెరట్లో చెరుగుతున్న రాములమ్మ చేట విసిరేసి ఉరికొచ్చి పిల్లను లాగింది కాబట్టి సరిపోయింది. రాములమ్మ ఆ ఇంట్లో ఇసుర్రాయి, అంటే తిరగలి, తిప్పి కూలికి జొన్నలు ఇసిరే మనిషి. కొమ్ము తగిలి ఆమె మోచెయ్యి చీరుకుపోయింది. "అత్తమ్మకు చెప్పకు, నీకు పుణ్యముంటది. బిడ్డను నా దగ్గర ఇడిసిపెట్టి ఇంకెప్పుడన్న పోతదా?" అని భీమమ్మ ఏడ్చింది. రాములమ్మ చెప్పలేదు.

ఆ రాత్రి భీమమ్మ గట్టిగా అనుకుంది, ఇంకోసారి ఇట్లాంటిది వస్తే నేను లేవాలి, ఎవరి చెయ్యీ లేకుండా లేవాలి అని. అనుకున్నదే తడవు అయిదు రోజులు ఒట్టి అంబలితో గడిపింది. ఆరో రోజు పగబట్టినట్టు గంటసేపు రోకలి పోటు వేసి, కళ్ళు తిరిగి పడి, రెండు రోజులు మంచమెక్కింది. జోగులమ్మ మిరపకాయలతో దిష్టి తీసి, నెయ్యి రెండింతలు చేసింది.

చివరికి మోకాళ్ళ నొప్పుల పేరు చెప్పి నాగర్‌కర్నూల్ దవాఖానకు బండి కట్టించుకుంది. అక్కడి నర్సమ్మ విని నవ్వింది. "తిండి మానకమ్మా, నెయ్యీ వెన్నా తగ్గించు. ఒక్కనాడే అంతా చేస్తనంటే మోకాళ్ళు పోతయి. పొద్దున ఇంత, మాపున ఇంత. ఆయాసం వస్తే ఆగు. గని ఏ రోజూ మానకు," అని చెప్పింది.

ఏ రోజూ మానలేదు భీమమ్మ. తెల్లవారుజామున గోవిందు గుర్రు పెడుతుంటే ఎత్తుపీట మీద నుంచి చేతులు ఊనకుండా లేచేది, కూర్చునేది. మొదటి వారం మూడుసార్లు, తర్వాత అయిదు, తర్వాత ఎనిమిది. గోడకు అరచేతులు ఆనించి ముందుకూ వెనక్కూ ఊగేది. చేతులు కాస్త గట్టిపడ్డాక, ఈ వారం నుంచి, మధ్యాహ్నం అత్త చేనుకు పోయాక ఇసుర్రాయి దగ్గర పీట వేసుకుని కుడిచేత్తో ఇరవై చుట్లు, ఎడమచేత్తో ఇరవై చుట్లు. రాయిలో గింజలు పోసేది కాదు. తను ఇసిరేస్తే రాములమ్మకు కూలిగా దొరికే సోలెడు జొన్నలు పోతాయి కదా! అందుకే ఒట్టి రాయినే తిప్పేది. పుట్టింట్లోనూ ఇసురు చేతికి రాని పిల్ల, గింజ లేకపోతే రాయి రాయినే తింటుందని ఆమెకేం తెలుసు. ఇసుర్రాయి సందుల్లో చేరిన ఆ పొడే మర్నాడు రాములమ్మ ఇసిరిన పిండిలో కలిసి, మామ పంటి కింద పడుతోంది.

ఆ సంగతి తట్టి ఆమె చేతిలో వెన్నముద్ద అలాగే ఉండగానే రాములమ్మ పెరటి తలుపు తోసుకుని వచ్చింది. జోగులమ్మ అట్లకాడతోనే ఎదురుపోయింది.

"ఎన్ని జొన్నలు దాసుకుంటున్నవే? తీసుకున్న కాడికి ఇసుక కలుపుతున్నవా?"

రాములమ్మ నిలబడిపోయింది. "అవ్వా, గదేం మాట? పదేండ్ల సంది నీ ఇంట్ల ఇసురుతున్న."

"మరి ఇసుక నా మొగడు కలిపిండా?"

హన్మంతు దగ్గి, మజ్జిగ చెంబు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రపంచ యుద్ధం, లడాయి రోజులవి. లెవీ పేరున సర్కారు సగం గాదె ఊడ్చుకుపోయిన ఏడు. గింజ పోయిందంటే ఆ ఇంట్లో ఎవరికీ నవ్వు రాదు.

"నా పిల్లల మీద ఒట్టు అవ్వా. ఒక్క గింజ ముట్టలే."

"ఒట్లు గిట్లు ఒద్దు. ఇయ్యాల్టి సంది నా గడప తొక్కకు. ఊర్ల ఎవ్వలింట్ల ఇసురుతవో నేనూ సూస్త."

రాములమ్మ కళ్ళు ఒక్కసారి భీమమ్మ మీదికి పోయి, కిందికి దిగిపోయాయి. 'నీ మనుమరాలి పానం కాపాడిన' అని ఒక్క మాట అంటే చాలు, జోగులమ్మ నోరు పడిపోయేది. ఆ మాట రాములమ్మ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది భీమమ్మకు.

"ఆగు రాములమ్మా!" అంది. "అత్తమ్మా, ఆమెనేం అనకు. ఆ ఇసుక నాతోని ఒచ్చింది."

"నీతోనా?"

"నువ్వు చేనుకు పోయినంక నేను ఇసుర్రాయి తిప్పుతున్న. ఒట్టిగనే. గింజలు పోయకుంట."

పిడుగు పడ్డా జోగులమ్మ అంత అదిరిపడేది కాదు. "ఒట్టి రాయి తిప్పినవా? నీకేం పుట్టిందే? తినడానికి లేనోళ్ళు గూడ ఒట్టి రాయి తిప్పరు గదనే! అట్ల తిప్పితే ఇంట్ల గింజ నిలుస్తదా? ఎందుకు తిప్పినవ్?"

"ఒళ్ళు తగ్గాలెనని."

"ఒళ్ళు తగ్గాలెనా!" జోగులమ్మ అట్లకాడ నేలకేసి కొట్టింది. "మొన్న సంతల మీ బల్మూరోళ్ళు అడిగిండ్రు, మా పిల్ల చిక్కిపోయింది, తిండి పెడ్తలేవా అని. నా తలకాయ యాడ పెట్టుకోవాలెనో తెల్వలే. పానం బాగలేదేమోనని నేను పరేషాన్ అయితుంటే, నువ్వు కావాలని చిక్కుతున్నవా? నేనేం తక్కువ చేసిన నీకు? ఏమిరా గోవిందు, నీకెర్కేనా ఈ నాటకం?"

"నాకేం తెల్వదే అమ్మా," అన్నాడు గోవిందు. తల్లి చూపు తప్పించుకోలేక మళ్ళీ తనే నసిగాడు. "జర తెలుసు. పొద్దుగాల పీట మీద లేసి కూసుంటది. నిన్న ఇరవై రెండుసార్లు లేసింది."

భీమమ్మ బిత్తరపోయి చూసింది. దొంగ మొగుడు! గుర్రు పెడుతూనే లెక్కపెట్టాడన్నమాట.

జోగులమ్మకు అది ఇంకా మండింది. అందరూ కలిసి తన ఒక్కదానికే దాచారు. తిడదామని నోరు తెరిచింది గానీ తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది. ఉన్నచోటనే నేల మీద కూలబడింది.

"నీకేమెర్క బిడ్డా ఆ రాయి సంగతి," అంది, అరచేతులు రెండూ చాపి. "కరువు ఏడు పటేలింట్ల ఇసిరిన నేను. ఏడో నెల కడుపు. పిండంత వాళ్ళది. చేతులకంటిన పిండి నాకేదాన్ని, ఎవ్వలన్న సూస్తరేమోనని అటు తిరిగి. ఒకనాడు రాయి కాడనే నొప్పులొచ్చినయి. ఆడపిల్ల. గడియసేపు గూడ బతకలే. నా ఇంటికొచ్చిన పిల్లతోని రాయి తిప్పియ్యొద్దని ఆనాడే అనుకున్న. నువ్వు పీట మీద కూసుంటే నా కడుపు సల్లగుండేది."

హన్మంతు చెంబు కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో భార్య నోట ఆ మాట అతను వినడం ఇది రెండోసారే.

భీమమ్మ మెల్లగా పీట మీద నుంచి జారి అత్త పక్కన నేల మీద కూర్చుంది. ఆ రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు పానమోలె సూసుకున్నవ్ అత్తమ్మా. గని ఆనాడు నేను లేవలేకపోయిన." అని మొదలుపెట్టి, కోడె సంగతి, తొట్టి సంగతి, తను బోర్లా పడిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. "బిడ్డను రాములమ్మ గుంజింది. నేను సూసుకుంట పడున్న. ఆమెనే లేకుంటే మనింట్ల అంజి ఉండేది కాదు. ఆమెను నువ్వు దొంగ అంటుంటే నేనెట్ల ఊకోవాలె?"

జోగులమ్మ తల ఎత్తింది. లోపల గదిలో నిద్రపోతున్న మనుమరాలి వైపు చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ రాములమ్మ వైపు చూసింది. రాములమ్మ మోచేతి మీది మచ్చను కొంగుతో కప్పుకుంది.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదే నువ్వు?"

"చిన్నమ్మ ఒద్దన్నది అవ్వా," అంది రాములమ్మ, భీమమ్మ వైపు చూస్తూ.

"ఒద్దంటే మాత్రం! నేను దొంగ అన్నప్పుడన్న చెప్పొద్దా?"

"గప్పుడు చెప్తే, దొంగతనం కప్పిపెట్టెటందుకు చెప్పినట్టుంటది గద."

ఆ మాటకు జోగులమ్మ గట్టిగానే ఏడ్చింది. "ఇట్ల రావే, నా దగ్గరికి రా," అని చెయ్యి చాపి, రాములమ్మ వచ్చాక ఆ మచ్చను తన కొంగుతో తుడిచింది, మూడు నెలల కింద మానిన గాయం ఇప్పుడే కారుతున్నట్టు. "నా నోరు పడ. కోపం పెట్టుకోకు. రేపటి సంది ఎప్పటోలెనే రా. ఈ పిల్ల నీ ఎదురుంగ కూసుంటది, ఇద్దరు కలిసి గింజలు పోసుకొని తిప్పుండ్రి. నీ సోలెడు నీకే."

"జరసేపే తిప్పుత అత్తమ్మా," అంది భీమమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఆయాసం ఒస్తే ఆపుత."

"ఆపకుంటే నేనూకుంటనా? సరే, నన్ను లేపుండ్రి. నడుం పట్టేసింది."

గోవిందు గబగబా చేతులు కడుక్కుని వచ్చాడు. వచ్చి, అలవాటు కొద్దీ ముందు భార్య వైపే రెండు చేతులూ చాచాడు. అప్పుడు గానీ భీమమ్మకు తోచలేదు, తను కూర్చున్నది నేల మీద అని. ఎత్తుపీట మీది నుంచి లేవడం వేరు. ఉత్త నేల మీది నుంచి కొన్నేళ్ళుగా తనంతట తాను ఒక్కసారి కూడా లేవలేదు.

"నువ్వు జరుగు," అంది మొగుడితో.

ఒక కాలు మడిచి పాదం నేలకు ఆనించింది. చెయ్యి మోకాలి మీద వేసింది. ఊపిరి తీసుకుంది. మోకాలు వణికింది, తొడలు మండాయి, ఒక్క క్షణం ఆనాటిలాగే ముందుకు తూలింది. గోవిందు మళ్ళీ చెయ్యి చాచబోతే రాములమ్మ అతన్ని ఆపింది. భీమమ్మ పళ్ళు బిగబట్టి నడుము ఎత్తింది. రెండో పాదం కుదురుకుంది. మెల్లగా, చాలా మెల్లగా, ఏ గోడా పట్టుకోకుండా నిటారుగా నిలబడింది. తర్వాత వంగి, రెండు చేతులూ అందించి అత్తను లేపింది.

జోగులమ్మ లేచి నిలబడింది గానీ కోడలి చేతులు వదల్లేదు. తడి కళ్ళతో కింద నుంచి పైదాకా చూసింది.

"ఎవ్వలు పట్టుకోలే గదనే!"

"పట్టుకోలే అత్తమ్మా."

"ఏదీ, మళ్ళొకసారి కూసో. కండ్లల్ల నీళ్ళుండె, నేను సక్కగ సూడలే."

భీమమ్మ నవ్వుతూ నేల మీద కూర్చుంది. అందరూ చూస్తుండగా మళ్ళీ లేచింది.