మంత్రాల బడిలో మేనత్త

ఆదివారం పొద్దున ఎనిమిదైనా సుదర్శనం మగ్గం గుంటలోకి దిగలేదు. ముందు గదిలో గోడకు ఆనుకుని, కూతురు రాసిన నవలలో ఒక అధ్యాయాన్ని ఫోనులో చదువుతున్నాడు. రాత్రి నుంచి ఇది మూడోసారి.

"ఇడ్లీలు చల్లారిపోతా ఉండాయి. తినేసి చదవకూడదా?" అంది భార్య మునిలక్ష్మి.

"నాకు గొంతు దిగదు. నువ్వు తిను."

నిత్య తిరుత్తణి నుంచి తిరువళ్ళూరులోని కాలేజీకి రైల్లో వెళ్లి వస్తూ, రెండేళ్లుగా ఆ నవలను తమిళంలో రాస్తోంది. అదొక మంత్రాల బడి కథ. ఆ బడిలో పిల్లలు మంత్రాలు చదవరు, మగ్గం మీద నేస్తారు. కథల సైటులో నలభై వేలమంది చదివారు. చెన్నైలో ఒక ప్రచురణకర్త దాన్ని బొమ్మలతో మూడు చిన్న పుస్తకాలుగా వేస్తానన్నాడు. ఇలాంటివాటిని లైట్ నావెల్ అంటారట. సోమవారంలోగా ఒప్పుకోలు పంపాలి. నిన్న సాయంత్రం వరకు సుదర్శనం టీకొట్లో అందరికీ ఆ సంగతే చెప్పుకున్నాడు.

సాయంత్రం బాబాయి కొడుకు దేవేంద్రన్ ఫోను చేశాడు. "ఇరవై రెండో అధ్యాయం చదివినావా అన్నా? మన సుందరవల్లక్కను వీధిలోకి లాగింది నీ కూతురు."

అధ్యాయంలో వల్లియమ్మై అనే టీచరుంది. పడుచు వయసులో సగం నేసిన మగ్గం మీద పడుగును, అంటే నిలువు పోగులను, కోసేసి, అన్నీ పీకి పారేసి, అత్తవారి పెద్దింటి నుంచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ మగ్గం మీద ఎవరూ గుడ్డ నేయలేకపోయారు. ఆ శాపాన్ని మోస్తూ ఆమె బడిలో తిరుగుతుంటుంది.

ఇరవై నాలుగేళ్ల కిందట సుదర్శనం అక్క సుందరవల్లి పొదటూరుపేటలోని అత్తగారింటి నుంచి అలాగే వచ్చేసింది. నడిమధ్యలో పడుగు కోసి లేచిన ఆడదాని గురించి నేతవాళ్లు పైకి మాట్లాడరు. ఆమె తిరువళ్ళూరులో కుట్టుపని నేర్పుతూ ఒంటరిగా బతికింది. పండగలకు వచ్చేది, సాయంత్రం రైలుకు వెళ్లిపోయేది. ఆమె ముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"తీసేయ్," అన్నాడు సుదర్శనం, నిత్య గదిలోంచి రాగానే.

"ఎట్ల తీసేది నాయనా? వల్లియమ్మై లేకపోతే బడే లేదు. కథంతా ఆమె మీదే నిలబడుండాది."

"అయితే పుస్తకమే వద్దు. మా అక్కను అమ్ముకొని నీకు పేరు రావాల్నా?"

"నేను అమ్మలేదు. ఆ బడిలో అందరికంటే పెద్ద మంత్రగత్తె ఆమే."

"శాపం తగిలిన మంత్రగత్తె. చదివినాలే."

గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. సుందరవల్లి లోపలికి వచ్చి సంచీ కింద పెట్టి, మునిలక్ష్మి ఇచ్చిన నీళ్లు నిదానంగా తాగింది.

"దేవేంద్రన్ నాకూ పంపించినాడు," అంది. "రైల్లో చదువుకుంటా వచ్చినా."

"తీసేయమన్నా అక్కా. ఈరోజే తీసేస్తాది."

"నువ్వు సుమ్మా ఉండరా, నోరెత్తొద్దు." ఆమె నిత్య వైపు తిరిగింది. "ఏమే, నేను నడిస్తే నేల అదురుతాదా? అట్ల రాసినావే."

నిత్య తల వంచుకుంది. "పిల్లకాయలు భయపడాలని, అత్తా."

"భయం బాగానే వచ్చింది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు చూపిస్తా. తప్పు ఇంకోచోట ఉండాది. నేను పోగులన్నీ పీకేసినానని నీకు ఎవురు చెప్పినారు?"

నిత్య తండ్రి వైపు చూసింది.

"నేనే చెప్పినా," అన్నాడు. "నాకు అమ్మ చెప్పింది."

"అమ్మ చూసిందా? నువ్వు చూసినావా?"

"లేదు."

సుందరవల్లి లేచి మగ్గం దగ్గరకు వెళ్లింది. పడుగు పోగులు దూరే అచ్చు మీద వేలు పెట్టింది. "ఇంక ఆ ఇంట్లో నేయనని, అక్కడి మగ్గంలో ఇట్లాంటి అచ్చు వెనకాల జానెడు వదిలిపెట్టి కోసినా. నాలుగువేల పోగులు. పదేసి పోగులకు ఒక ముడి. పొద్దున కూచుంటే మధ్యాహ్నం అయింది. ఎందుకో నువ్వే చెప్పు, నేసేవాడివి కదా."

సుదర్శనానికి చెప్పాల్సిన పని లేదు. పోగులు పీకేస్తే మళ్లీ ఒక్కొక్కటీ అచ్చులో దూర్చుకోవాలి, రోజులు పడతాయి. కొసలు ఉంచితే కొత్త పడుగును వాటికి అతికి నేత మొదలుపెట్టొచ్చు. కోపంతో కోసేవాళ్లు కొసలు ముడివేసి పెట్టరు.

"నా తర్వాత ఆ ఇంటికి కోడలుగా ఇంకొక పిల్ల వస్తాదని తెలుసు," అంది ఆమె. "వచ్చినాక పోగులు అచ్చులోకి ఎక్కించలేదని ఆ పిల్ల దెబ్బలు తినకూడదు కదా."

"దెబ్బలా?" అన్నాడు సుదర్శనం.

"నేను మగ్గంలో ఉన్నప్పుడే మీ బావ కొట్టేవాడు. గుంటలో కాళ్లు ఉంటాయి, లేసి పోలేము. అది ఆయనకు తెలుసు."

సుదర్శనం నేల మీద కూలబడి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. మునిలక్ష్మి అతని పక్కన కూర్చుంది.

"తీసేసేదా అత్తా?" అంది నిత్య.

"తీసేస్తే వీపు పగలగొడతా. సరిగ్గా రాయి. కొసలు ముడేసి పెట్టి పోయిందని రాయి. తర్వాత వచ్చిన పిల్ల వాటికి అతికి నేసిందని రాయి."

"అప్పుడు శాపం ఎవరికి పెట్టేది? కథకు శాపం కావాలే."

సుదర్శనం తువ్వాలు తీశాడు. "మాకు పెట్టు. ఆమె తిరిగొచ్చినాక పుట్టింట్లో ఒక్కడన్నా 'ఎందుకొచ్చినావు' అని అడగలేదని రాయి. వాళ్లకు తగిలింది శాపం."

నిత్య ఫోను తీసుకుని, కన్నీళ్లు తుడుచుకుంటూ రాయడం మొదలుపెట్టింది.

సుదర్శనం అక్క దగ్గరకు జరిగాడు. "ఇప్పుడు అడగతా ఉండా. ఏమి జరిగిందో మొదటినుంచీ చెప్పు అక్కా."

సుందరవల్లి మగ్గం గట్టు మీద కూర్చుంది. చెప్పబోయి, నిత్య వేళ్లు ఇంకా కదులుతుండడం చూసి, చెయ్యి చాచి ఫోను తిరగేసి పెట్టించింది.

"ఇది పుస్తకానికి కాదమ్మా," అంది. "ఇది నా తమ్ముడికి."